ఫోటో అంచున నిలబడ్డ ఆమె ఎవరు?

పండగకు ఇల్లు దులిపేటప్పుడు మీలో చాలామందికి ఈ అనుభవం అయ్యే ఉంటుంది. అటక మీది నుంచి దించిన ట్రంకుపెట్టెలో పాత పంచాంగాలు, శుభలేఖలు, ఎవరివో పత్రాలు ఉంటాయి. వాటన్నిటికీ అడుగున దళసరి అట్టకు అంటించిన పెద్ద గ్రూపు ఫోటో ఒకటి దొరుకుతుంది. ముందు వరుసలో కుర్చీల మీద తలపాగాల పెద్దమనుషులు, వాళ్ళ కాళ్ళ దగ్గర జంపఖానా మీద పిల్లలు, వెనక నిలబడ్డవాళ్ళు నాలుగు వరుసలు. "ఎవరో పాతకాలం వాళ్ళు" అనుకుని, కొంగుతో దుమ్ము తుడిచి మళ్ళీ అడుగునే పెట్టేస్తాం. వంటింట్లో పాలు పొంగిపోతుంటాయి మరి!

ఆ ఫోటోల గురించే ఈ వారం మీతో నాలుగు మాటలు చెప్పుకోవాలని ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం 1918లో ముగిసింది. రెండోది 1939లో మొదలైంది. ఈ రెండింటి మధ్య ఉన్న ఇరవయ్యొక్క ఏళ్ళు సభలకూ ఊరేగింపులకూ కవాతులకూ పెట్టింది పేరు. జర్మనీలో నురెంబర్గ్ అనే ఊళ్ళో హిట్లర్ పార్టీ జరిపిన కవాతుల ఫోటోలు మీరు పిల్లల చరిత్ర పుస్తకాల్లో చూసే ఉంటారు. వేలమంది మనుషులు ముగ్గులో చుక్కల్లాగా బారులు తీరి ఉంటారు. అందులో ఒక్క మొహం కూడా మనకు విడిగా కనబడదు. అలా కనబడకుండా చెయ్యడమే ఆ కవాతు ఉద్దేశం కూడా.

మన వైపూ ఇలాంటివి లేకపోలేదు. అప్పట్లో మా అనంతపురం జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. అయిదో జార్జి చక్రవర్తి పట్టానికొచ్చి ఇరవై అయిదేళ్ళయిందని 1935 మే నెలలో సామ్రాజ్యమంతటా రజతోత్సవాలు జరిపించారు. హైదరాబాదులో ఏడో నిజాము గారి రజతోత్సవం 1936లో జరగాల్సింది. ఆ ఏడు జనవరిలో ఆ జార్జి చక్రవర్తే పోవడంతో వాయిదా పడి, 1937 ఫిబ్రవరిలో జరిగింది. పబ్లిక్ గార్డెన్స్‌లోని జూబ్లీహాలు ఆ ఉత్సవానికి గుర్తే. అవి దొరగారి పండగలు. ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో ముందే రాసి ఉంటుంది.

అదే కాలంలో జనం తమంతట తాము చేరిన సభలూ ఉన్నాయి. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. పింగళి వెంకయ్య గారు గాంధీ గారికి జెండా చూపించింది అక్కడే. ఆ ఏడే గాంధీ గారు అప్పటి మా జిల్లాలోని తాడిపత్రికి వచ్చారు. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ. 1928 నవంబరులో నంద్యాలలో సభలు జరిగినప్పుడే, అంతవరకూ దత్తమండలాలు అనిపించుకున్న మన జిల్లాలకు చిలుకూరి నారాయణరావు గారు 'రాయలసీమ' అని పేరు సూచించారు. ఈ రోజు మనం "సీమ వాళ్ళం" అని గొప్పగా చెప్పుకుంటున్నామంటే ఆ సభ పెట్టిన భిక్షే.

ఈ కాలం నాటి ఫోటోలు పుస్తకాల్లో, పాత పత్రికల్లో, బంధువుల గోడల మీద నేను చూసినన్ని చూశాను. అన్నిట్లోనూ ఒక సంగతి కనబడింది. కుర్చీల వరుసకు కింద అచ్చులో పేర్లుంటాయి, "కూర్చున్నవారు ఎడమ నుంచి కుడికి" అని. నిలబడ్డవారికి కూడా ఒక్కోసారి ఉంటాయి. ఫోటో అంచున చెంగు నిండా కప్పుకుని, చంకలో బిడ్డతో నిలబడ్డ ఆడవాళ్ళుంటారే, వాళ్ళకు మాత్రం పేరుండదు. ఉంటే "తదితరులు" అనో "మహిళలు" అనో ఉంటుంది.

ఆడవాళ్ళు ఆ సభలకు ఊరికే చూడటానికి వెళ్ళారా అంటే, కాదు. తిలక్ స్వరాజ్య నిధికి, 1929లో గాంధీ గారు ఆంధ్రదేశం తిరిగినప్పుడు ఖద్దరు నిధికి, చేతి గాజులు, మెడలో గొలుసులు తీసి ఇచ్చింది ఆడవాళ్ళే. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు దాని వెంటే మహిళా సభ కూడా జరిగింది. నడింపల్లి సుందరమ్మ గారు దానికి అధ్యక్షురాలు. కాకినాడ సభప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర పధ్నాలుగేళ్ళ పిల్ల వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూ గారినే ఆపింది. టిక్కెట్టు కొన్నాకే లోపలికి పంపింది. ఆ పిల్లే తరవాత 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించి, రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. ఆమె పెద్దయ్యాక తన జీవితకథ తానే రాసుకున్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డ మిగతా పిల్లలు రాసుకోలేదు. వాళ్ళ పేర్లు మనకు ఎలా తెలుస్తాయి?

దొడ్డవాళ్ళ ఇళ్ళ సంగతి వదిలేసి మా ఇంటి సంగతి చెప్తాను. మాది బుక్కపట్నం. విజయనగర రాజుల కాలం నాటి పెద్ద చెరువు, చుట్టూ గుట్టలు ఉన్న ఊరు. మా అత్తవారింట్లో ఇలాంటి ఫోటోనే ఒకటి ఉంది. ఏదో సభ ముగిశాక చింతచెట్ల కింద తీసింది. కుర్చీల్లో ఎనిమిదిమంది మగవాళ్ళు, వెనక ఒక జెండా. కుడి అంచున ఏడుగురు ఆడవాళ్ళు. అట్ట మీద ఏడాది లేదు, ఊరు పేరు లేదు. పేర్లున్న కింది ముక్కను చెదలు తినేసింది.

మా ఆయనకు మేనత్త ఒకామె ఉండేది. తొంభై దాటినా సూదిలో దారం ఎక్కించేది. ఒకరోజు ఆమె చేతికి ఆ ఫోటో ఇచ్చాను. కుర్చీలవాళ్ళను చూసి, "వీళ్ళు నాకెట్ల తెలుస్తారు పాపా" అనింది. కుడివైపు వేలు పోనిచ్చి టక్కున ఆగింది.

"ఇది మా అమ్మ గదా! చేతిలో ఉండేది నేనే. ఫోటో తీసేటప్పుడు ఊరికే ఏడుస్తా ఉంటినంట. కదలొద్దు అని ఆ ఫోటో ఆయన అరిస్తే ఇంకా ఎక్కువ ఏడిస్తినంట. అందుకే నా మొగం చూడు, పూసినట్ల అయిపోయింది!"

నిజమే. ఆ బిడ్డ మొహం ఉన్న చోట తెల్లటి మసక తప్ప ఏమీ లేదు. మేమంతా ఇన్నేళ్ళూ అది అట్టకు తేమ తగిలి పడిన మచ్చ అనుకుంటూ ఉన్నాం. అప్పటి కెమెరాలు మూడు కాళ్ళ మీద నిలబెట్టి, నల్లగుడ్డ కప్పుకుని తీసేవి. అద్దం ప్లేటు మీద బొమ్మ పడటానికి ఇప్పటికంటే ఎక్కువసేపు పట్టేది. ఊపిరి బిగబట్టి నిలబడ్డవాళ్ళు స్పష్టంగా పడేవాళ్ళు. కదిలినవాళ్ళు చెరిగిపోయేవాళ్ళు. అందుకేనేమో ఆ ఫోటోల్లో ఎవరూ నవ్వరు!

అత్తకు పన్నెండేళ్ళప్పుడు వాళ్ళమ్మ పోయింది. ఆ తల్లికి వేరే ఫోటో లేదు. ఎనభై ఏళ్ళ తరవాత అమ్మ మొహం చూసుకున్న ఆ మనిషి, చాలాసేపు ఆ అట్టను ఒళ్ళోంచి తియ్యనే లేదు. ఆ పూట అన్నం కూడా దాన్ని పక్కన పెట్టుకునే తినింది. ఏడుగురిలో ఇంకో ఇద్దరిని కూడా గుర్తుపట్టి, పుట్టింటి పేర్లతో సహా చెప్పింది. నలుగురు ఎవరో ఆమెకూ తెలియలేదు. ఆ మరుసటి ఏడు అత్త వెళ్ళిపోయింది. ఆ నలుగురినీ ఎరిగిన మనిషి ఇప్పుడు మా ఊళ్ళో లేదు.

ఏడాది సంగతి జెండా చెప్పింది. 1921 నుంచి వాడిన స్వరాజ్య జెండాలో పైన తెలుపు, నడుమ పచ్చ, అడుగున ఎరుపు, మీద పెద్ద రాట్నం. 1931లో కాంగ్రెస్ ఆ వరస మార్చి పైన కాషాయం, నడుమ తెలుపు, అడుగున పచ్చ పెట్టింది. రాట్నం నడిమి తెలుపులోకి వచ్చింది. 1947లో రాట్నం పోయి అశోక చక్రం వచ్చింది. కాబట్టి నలుపు తెలుపు ఫోటోలో కూడా తెల్ల పట్టీ పైన ఉందా, నడుమ ఉందా అని చూస్తే చాలు, ఆ జెండా ఏ కాలం నాటిదో తెలిసిపోతుంది. మా ఫోటోలో తెలుపు పైన ఉంది. అత్త వయసుతో కూడా సరిపోయింది.

ఇంకో చిన్న సంగతి. మా ఫోటోలో అత్త వాళ్ళమ్మ నల్ల చీర కట్టుకుంది. "అమ్మ నల్లచీర ఎప్పుడూ కట్టలేదే, అది ధర్మవరం ఎర్రచీర" అని అత్త వాదించింది. ఆమె మాటే సరైంది. ఆ రోజుల్లో వాడిన చాలా ప్లేట్లు, ఫిల్ములు ఎరుపు రంగును పట్టుకోలేకపోయేవి. ఎరుపు నల్లగా, నీలం తెల్లబారినట్టుగా పడేది. మీ అవ్వ పెళ్ళిఫోటోలో కుంకుమబొట్టు కాటుకబొట్టులాగా కనబడితే కారణం అదే.

ఇక మీరు చెయ్యాల్సిన పని చెప్తాను. ఖర్చు లేనిది, ఒక మధ్యాహ్నంలో అయిపోయేది.

ముందు ఫోటోను మెత్తటి పొడి కుంచెతో దులపండి. తడిగుడ్డ వద్దు. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగొద్దు, పైపొర ఊడి వస్తుంది. అద్దంతోనే ఉంచి కాపీ తీసుకోండి. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట గోడకు ఆనించి, ఫ్లాష్ లేకుండా సెల్‌ఫోనుతో తీస్తే చక్కగా వస్తుంది. లామినేషన్ మాత్రం చేయించకండి. ఒకసారి చేయిస్తే మళ్ళీ విప్పడం కుదరదు.

తరవాత ఫోటో మీద పల్చటి ట్రేసింగ్ పేపరు పరిచి, వేలితో ఒత్తకుండా తలల గుర్తులు మెల్లగా గీసుకోండి. ఒక్కో తలకు ఒక్కో నంబరు వెయ్యండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఓపికగా ఉండే వేళ, కాఫీ తాగినాక, ఫోటో వాళ్ళ చేతికివ్వండి. "ఇది ఫలానా ఆయనే కదా" అని మీరే అందించకండి. వాళ్ళనే చెప్పనివ్వండి. నంబరు పక్కన పేరు, వరస, ఊరు రాసుకోండి. ఆడవాళ్ళకు పుట్టింటి పేరు కూడా రాయండి. పెళ్ళితో ఇంటిపేరు మారిపోతే, రేపు వెతికేవాళ్ళకు ఆమె దొరకదు. ఫోటో వెనక రాయాలనుకుంటే మెత్తటి పెన్సిలుతో అంచున రాయండి. బాల్‌పెన్ను నొక్కు ముందువైపుకు తేలుతుంది.

దాచేటప్పుడు నూలుగుడ్డలోనో తెల్ల కాగితంలోనో చుట్టి బల్లపరుపుగా పెట్టండి. ప్లాస్టిక్ కవర్లలో చెమ్మ పట్టి అతుక్కుంటాయి. పెట్టె నేలకూ గోడకూ ఆనకుండా ఉంటే చెదల భయం తగ్గుతుంది. కలరా ఉండలు ఫోటోకు తగలకూడదు.

ఇదంతా చేస్తే ఏమొస్తుంది అని మా ఇంట్లోనే అడిగారు. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ పేర్లు ఎక్కడో ఒకచోట, ఏదో పుస్తకంలోనో పత్రికలోనో దొరుకుతాయి. అంచున నిలబడ్డ ఆమె పేరు మాత్రం మీ ఇంట్లో ఉన్న ఆ ముసలామెకు తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు. ఆమె చెప్పేవరకూ ఆ పేరుకు కాగితం లేదు. ఆమె పోతే పేరూ పోతుంది.

మా ఫోటో ఇప్పుడు నడిమింట్లో గోడకుంది. కింద చీటీలో ముగ్గురు ఆడవాళ్ళ పేర్లున్నాయి. నాలుగు గీతలు ఖాళీగా ఉన్నాయి. బుక్కపట్నం, కొత్తచెరువు వైపు పుట్టినిల్లు ఉన్నవాళ్ళెవరైనా ఇది చదివితే, మీ అవ్వల పెట్టెలు కూడా ఒకసారి దించి చూడండి. ఆ నలుగురిలో ఒకరు మీవాళ్ళే కావచ్చు.