పిక్కబలం

తెలుగులో ‘పిక్కబలం చూపించాడు’ అంటే పారిపోయాడని అర్థం. కాలికి బుద్ధి చెప్పడమన్నా అదే. సంస్కృతంలోనూ జంఘాలుడంటే వేగంగా పరుగెత్తేవాడు. మోకాలికీ చీలమండకూ నడుమ కాలి వెనుకభాగాన ఉండే ఆ కండను మన పూర్వులు పరుగుతోనే ముడిపెట్టారు. పాతికేళ్లుగా ప్రబంధాలు బోధిస్తున్న నేను ఈ మాటలకు అర్థాలు చెప్పానే గాని, పిక్కను గురించి ఎన్నడూ ఆలోచించలేదు. 2018లో మా అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయినప్పుడు ఆలోచించవలసి వచ్చింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన కొన్ని వారాలకు అమ్మ ఎడమపాదం కిందికి వాలి, పిక్క బిగుసుకోసాగింది. ఫిజియోథెరపీ చేయడానికి వచ్చే అమ్మాయి నన్ను కూర్చోబెట్టి పద్ధతి నేర్పింది. మడమను అరచేతిలో ఇముడ్చుకొని, అరికాలిని ముంజేతికి ఆనించుకొని, పాదాన్ని మెల్లగా మోకాలి వైపుకు వంచాలి. రోగి తన బలమేమీ ఉపయోగించకుండా ఇతరులు చేసే ఈ పనిని పాసివ్ స్ట్రెచింగ్ అంటారు.

“కూతురిచేత కాళ్లు పట్టించుకోవడమేమిటే!” అంటూ అమ్మ కాలు వెనక్కి తీసుకోబోయింది. ఆ కాలు ఆమె మాట వినలేదు. ఇద్దరం కాసేపు మౌనంగా ఉండిపోయాం.

నేను తొందరపడి పాదాన్ని ఒక్కసారిగా వంచాను. అది నా చేతిలో టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. భయపడి వదిలేశాను. “మెల్లగా మేడమ్. మీరెంత వేగంగా లాగితే పిక్క అంత గట్టిగా ఎదురుతిరుగుతుంది” అంది ఆ అమ్మాయి. కండరంలో కదురు ఆకారంలో సూక్ష్మ గ్రాహకాలుంటాయట. కండరం హఠాత్తుగా సాగితే అవి వెన్నుపాముకు వార్త పంపుతాయి. వెన్నుపాము మెదడును అడగకుండానే కండరాన్ని ముడుచుకోమంటుంది. మీరు జీవశాస్త్రంలో చదువుకొనే ప్రతీకార చర్య ఇదే. ఆరోగ్యవంతుల్లో మెదడు దీనిని అదుపులో ఉంచుతుంది. పక్షవాతంలో ఆ అదుపు సడలుతుంది.

నెమ్మదిగా వంచి అలాగే నిలిపితే మరొకటి జరుగుతుంది. మొదట చేతికి తగిలిన బిగువు క్షణక్షణానికీ తగ్గుతూ వస్తుంది. ఈ తగ్గుదలలో ఎక్కువ భాగం తొలి ఇరవై సెకన్లలోనే. కండకు రబ్బరులా సాగి వెనక్కి వచ్చే గుణమూ, తేనెలా నెమ్మదిగా జారే గుణమూ రెండూ ఉండడమే ఇందుకు కారణం. అయితే వదిలిపెట్టిన కొంతసేపటికే మళ్లీ మామూలే. పిక్కలో ప్రధానంగా రెండు కండరాలున్నాయనీ నాకప్పుడే తెలిసింది. పైనున్న గాస్ట్రోక్నీమియస్ మోకాలికి ఎగువన, తొడ ఎముక నుంచి బయలుదేరుతుంది. దాని కిందనున్న సోలియస్ మోకాలికి దిగువనే పుడుతుంది. రెండూ కలిసి అకిలిస్ స్నాయువుగా మడమను పట్టుకుంటాయి. కనుక మోకాలు చాచి వంచితే మొదటిదీ, మోకాలు మడిచి వంచితే ముఖ్యంగా రెండోదీ సాగుతాయి. రెండు విధాలా చేసేదాన్ని.

ప్రతిసారీ ముప్పై సెకన్లు నిలపాలని చెప్పారు. మేం అంకెలు లెక్కపెట్టలేదు. గజేంద్రమోక్షంలోని ఒక పద్యాన్ని అమ్మ రాగయుక్తంగా చదివితే ఇంచుమించు అంతే సమయం పట్టేది. తరగతిలో యతిప్రాసలు వివరిస్తూ నేను ఆ పద్యాలను ఎంత తొందరగా దాటించేదాన్నో అప్పుడు సిగ్గనిపించింది. రెండో వారం నుంచి నేను గదిలో అడుగుపెట్టగానే “అదిగో, మొసలి వచ్చింది” అనేది అమ్మ.

ఆరు నెలలు గడిచేసరికి చేతికర్ర సాయంతో తులసికోట దాకా నడవగలిగింది. మడమ మాత్రం మునుపటిలా ముందుగా నేలను తాకలేదు. ఈ నడకలో నా సాగదీత పాలెంత? పరిశోధకులకు ఈ పట్టుదల అలవాటు కదా, చదవడం మొదలుపెట్టాను. 1972లో ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు పిల్లుల సోలియస్ కండరాన్ని కురచ స్థితిలో కట్టివేసి చూశారు. నాలుగు వారాల్లో కండరపు పోగుల పొడవునా వరుసగా ఉండే సార్కోమియర్లు సుమారు 40 శాతం తగ్గిపోయాయి. కట్టు విప్పాక కొద్ది వారాల్లో తిరిగి ఏర్పడ్డాయి. ఇది చదివి ఉప్పొంగిపోయాను. ఆరోగ్యవంతుల మీద జరిపిన ప్రయోగాలు నన్ను కొంత నిదానింపజేశాయి. కొన్ని వారాలు సాగదీస్తే పాదం మరింత వంగే మాట నిజమేగాని, అది చాలావరకు కండరం పొడుగు కావడం వల్ల కాదు, సాగే బాధను మనిషి ఓర్చుకోగలగడం వల్లనే అని 2010లో వెలువడిన ఒక సమీక్ష వాదించింది. ఇక 2017 నాటి మరో సమీక్ష పక్షవాతం వంటి వ్యాధుల్లో కీళ్లు బిగుసుకోకుండా ఆపడానికి ఈ పద్ధతి చెప్పుకోదగినంతగా తోడ్పడదని తేల్చింది. అందులోని పరిశోధనలు ఏడు నెలలకు మించినవి కావని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మనసు ఊరుకోలేదు. మరునాడు ఆ అమ్మాయిని అడిగితే, “నేనూ చదివాను మేడమ్. సాగదీయడం ఒక్కటే చాలదు. నిలబెట్టాలి, నడిపించాలి” అంది. నన్ను మానేయమని మాత్రం అనలేదు.

ఆ సాయంత్రం నేను అమ్మ గదిలోకి వెళ్లలేదు. జవాబుపత్రాలు ముందేసుకొని కూర్చున్నాను, ఒక్కటీ దిద్దలేదు. దీపాలు పెట్టే వేళ దాటింది. లోపలినుంచి పిలుపు వినిపించింది:

“ఏమే, ఇవాళ మొసలి రాలేదేం?”

వెళ్లి పాదం పట్టుకున్నాను. ఆ రోజు అమ్మ రెండు పద్యాలు ఎక్కువే చదివింది.