నడిగూడెపు హద్దులు

నడిగూడెపు కోటగోడలను చూచినవారికి దాని పూర్వకథ తెలియకపోవచ్చును. మునగాల పరగణాకు ముఖ్యస్థానమైన యీ యూరు, నలువైపుల నిజాము రాజ్యము చుట్టియుండగా, తాను మాత్రము కృష్ణా జిల్లాకు చేరి ఇంగ్లీషువారి యేలుబడిలో నుండెను. పొరుగూరి పెండ్లికి పోయినను పరరాజ్యమునకు పోయినట్లే! 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయ స్థాపనకు తోడ్పడిన రాజా నాయని వేంకటరంగారావుగారు ఈ కోటవారే. 1948లో నిజాము రాజ్యము భారతదేశమున కలియగా ఆ హద్దు చెరిగినది.

నేడు ఊరివారు దాటవలసిన హద్దులు కడలికావల నున్నవి. కూతురి పురిటికి అమెరికా పోవలసిన మా పొరుగింటి పిన్నిగారికి తోడుగా నేను నల్లగొండ తపాలా కార్యాలయములోని పాసుపోర్టు కేంద్రమునకు పోయితిని. అచట బల్లకడ కూర్చున్న యువతి పనితీరు ముచ్చట గొలిపెను. కాగితములను ఒకదానితో నొకటి సరిచూచును, ఛాయాచిత్రము తీయును, వ్రేలిముద్రలు గ్రహించును. పిమ్మట పోలీసువారి విచారణ. వీసా మాట ఆ తరువాతనే.

పిన్నిగారి ఆధారుకార్డులో మెట్టినింటి పేరు. పదవ తరగతి పత్రములో పుట్టినింటి పేరు.

"పెండ్లియైనంత మాత్రమున ఇంటిపేరు మార్చుకొనవలెనను నియమము లేదమ్మా. కాని మీ కాగితములలో పేర్లు వేరువేరుగా నున్నవి. ఏది యుంచమందురు?" అని ఆ యువతి అడిగెను.

పిన్నిగారు నావంక చూచిరి. ఏబది యేండ్లలో ఎవరును అడుగని ప్రశ్న! పురుడు రెండు నెలలలో నున్నది; దిద్దుబాటు చేయించుకొని మరల రావలెను. (మీ పెట్టెలలోని కాగితములను ఈ పూటయే చూచుకొనుడు.)

తిరుగుదారిలో మునగాల వచ్చువరకు ఆమె పలుకలేదు. పిదప తన పుట్టినింటి పేరును మెల్లగా రెండుమారులు ఉచ్చరించి చూచుకొనిరి.