మా తాత చీటీ



మాది సారంగాపూర్ దిక్కు ఊరు. మేము నాయకపోళ్లము. మా ఇంట్ల బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. అందుకే కరెంటు బిల్లు వచ్చినా, దవాఖాన చీటీ వచ్చినా నేనే చదవాలి.

పోయిన ఏడాది తాతకు షుగరు వచ్చింది. జగిత్యాలలో డాక్టరు గోలీలు రాసి, తిండి గురించి ఒక కాగితం ఇచ్చిండు. సెలవులకు పోయినప్పుడు అందరూ నా చుట్టూ కూసున్నరు. "కొవ్వు మాంసం తగ్గించాలి" అని గట్టిగ చదివిన. "ఇగ నీకు కూర బంద్" అన్నది బాపమ్మ. దాని పైన "అన్నం సగం చేయాలి" అని కూడా ఉన్నది. అది మెల్లగ చదివిన. అన్నంతో రోగం పెరుగుతదా అని నాకే నమ్మకం కుదరలేదు.

దసరాకు యాటను కోసినం. మా ఇంట్ల తలకాయకూర మొదలు తాతకే వెయ్యాలి. ఆ రోజు నేను అడ్డం పోయి, "తాతా, నీకు వద్దు, చీటీల రాసిండ్రు" అన్న. అందరి ముంగట అన్న. తాత ఒక్క మాట అనలేదు. "చదువుకునే బిడ్డ చెప్పింది" అని ఉత్త షోర్వతోనే మూడుసార్లు అన్నం పెట్టించుకున్నడు. రెండు గంటలకు, చిన్నబాపు దుబాయి నుంచి తెచ్చిన మిషన్ తో చూస్తే 318! ఒక్క ముక్క కూడా తినలేదు కదా, మరి ఎట్ల పెరిగింది?

బడికి వచ్చినంక సైన్సు టీచరును అడిగిన. వంద గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాములు పిండిపదార్థమేనట. అదే గ్లూకోజు అయి నెత్తురులో కలుస్తది. మాంసంలో పిండిపదార్థం ఇంచుమించు లేదు. "అయితే తాత ఎంతైనా తినొచ్చా?" అని సంబరపడ్డ. టీచరు కాదన్నరు. షుగరు ఉన్నవాళ్లకు గుండెజబ్బు భయం ముందే ఎక్కువ, మేక, గొర్రె కొవ్వు దానికి తోడైతది. రోజూ ఎర్రమాంసం ఎక్కువ తినేవాళ్లలో షుగరు కూడా ఎక్కువ మందికి వస్తున్నదని 2024 లో 20 దేశాల లెక్కలతో ఒక పరిశోధన వచ్చింది. మూత్రపిండాలు చెడితే ఎంత తినాలో డాక్టరే చెప్పాలి.

కాని మేము యాటకూర తినేది ఏడాదికి ఐదారుసార్లే. అన్నమైతే మూడుపూటల. బాపమ్మ చిన్నగున్నప్పుడు మక్కగట్క, జొన్నరొట్టెలేనట, తెల్ల అన్నం పండుగకే. 1983 లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినంక గట్క కుండ అటక ఎక్కింది. సిరిసిల్లలో మా మేనత్తకు 2022 లో ఇంటింటికీ వచ్చి చేసిన హెల్త్ ప్రొఫైల్ పరీక్షల్లో షుగరు బయటపడ్డది. కోరుట్లలో బీడీలు చేసే పెద్దమ్మకు కూడా ఉన్నది. ఇద్దరూ కూర మానిండ్రు, అన్నం మానలేదు. కూర రోజు మన హాస్టల్ల మనం ఎంత అన్నం తింటమో మీకు తెలుసు. మేడం చదువుతరు కనుక ఎక్కువ రాయను.

సంక్రాంతికి తాతకు నేనే వడ్డించిన. రెండు జొన్నరొట్టెలు, పిడికెడు అన్నం, చిక్కుడుకాయ, కొవ్వు తీసిన తొడముక్కలు నాలుగు. జొన్నల్లో కూడా పిండిపదార్థం ఉన్నది, కాని పండ్లు లేని తాత రెండు రొట్టెలు మించి నమలలేడు. రెండు గంటలకు 182. ఒక్కసారి చూస్తే సరిపోదు, మూడు నెలల పరీక్ష చేయించాలని డాక్టరు చెప్పిండు, ఇంకా చేయించలేదు.

"ఆ కాగితం మల్ల చదువు బిడ్డా, ఈసారి మొత్తం" అన్నడు తాత. పైనుంచి కింద దాక గట్టిగ చదివిన. అడుగున కల్లు గురించి ఒక లైను ఉన్నది. అది చదివేసరికి తాతకు చెవులు వినపడలేదు.

— 9వ తరగతి విద్యార్థిని