విప్పారు కదా తమ్ముడూ!

మన హాస్టల్లో కొత్త ల్యాప్‌టాప్ కొన్న ప్రతివాడికీ మొదటి నెలలోనే రెండు సలహాలు వస్తాయి. ఒకటి, "8 జీబీ ఏం సరిపోతుందిరా, ఇంకో స్టిక్ వేసుకో." రెండు, "వెనక మూత మాత్రం ముట్టుకోకు, వారంటీ పోతుంది." రెండూ ఒకే నోటి నుంచి, ఒక్కోసారి ఒకే ఊపిరిలో వస్తాయి. మొదటిది నిజమే. ఆండ్రాయిడ్ స్టూడియో, పక్కనే ఎమ్యులేటర్, ఓ పది క్రోమ్ ట్యాబులు తెరిచామంటే 8 జీబీకి ఊపిరాడదు. రెండోది మాత్రం ఎవరూ చదవకుండా అందరూ నమ్మేసిన మాట.

నాది 54 వేల ల్యాప్‌టాప్. నాన్న చీటీ పాడి కొనిచ్చారు. ఆ చీటీకి ఇంకా పద్నాలుగు నెలల వాయిదాలున్నాయి. అందుకే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు రెండు కాగితాలు పూర్తిగా చదివాను. మొదటిది సర్వీస్ మాన్యువల్. కంపెనీ సైట్‌లోనే ఉంది. బ్యాటరీ కనెక్టర్ ఎలా తీయాలి, ఏ స్క్రూ ఎక్కడిది, ర్యామ్‌ని ఎంత ఏటవాలుగా పెట్టి దించాలి, అన్నీ బొమ్మలతో వాళ్లే వేశారు. రెండోది వారంటీ కాగితం. అందులో "మూత తీస్తే వారంటీ రద్దు" అని ఎక్కడా లేదు. "వాడేవారు చేసిన మార్పుల వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు" అన్న అర్థం వచ్చే వాక్యం ఉంది. తేడా అంతా ఆ "వల్ల" అనే మాటలోనే ఉంది.

ఒక స్లాట్‌లో 8 జీబీ ఉంది, రెండోది ఖాళీ. అదే రకం, అదే స్పీడు డీడీఆర్4 స్టిక్ ఇంకోటి కొన్నాను. రెండు వేల లోపే అయింది. విప్పే ముందు, విప్పాక, బిగించాక ఫొటోలు తీసుకున్నాను. ఇరవై నిమిషాల పని. 16 జీబీ కనిపించింది, డ్యూయల్ ఛానెల్ కూడా వచ్చింది. రెండు నెలలు హాయిగా నడిచింది.

తర్వాత ఒకరోజు స్క్రీన్ మీద పైనుంచి కిందికి సన్నటి ఆకుపచ్చ గీత వచ్చింది. వారం తిరిగేసరికి మూడు గీతలయ్యాయి.

ఇక్కడ మా సీనియర్ అన్న ఒకాయన మంచి మనసుతోనే చెప్పాడు: "కొత్త ర్యామ్ తీసేసి, ఏమీ తెలియనట్టు ఇచ్చెయ్." చాలామంది అదే చేస్తారు. నాకు మనసొప్పలేదు. దాచిపెట్టామంటే అదేదో నేరమని మనమే ఒప్పుకున్నట్టు కదా! కౌంటర్ దగ్గర నేనే చెప్పాను, ర్యామ్ వేసుకున్నానని.

"విప్పారు కదా తమ్ముడూ, ఇంక వారంటీ రాదు. ప్యానెల్‌కి పదకొండు వేలవుద్ది."

"ర్యామ్ వేస్తే స్క్రీన్ మీద గీత ఎలా వస్తుందన్నా?"

"అదంతా మాకు తెలీదు. విప్పితే రాదంతే."

ఆయన ముందే మూత తీయించి కొత్త స్టిక్ పక్కన పెట్టించాను. పాత 8 జీబీతోనే ఆన్ చేస్తే గీతలు మూడూ అలాగే ఉన్నాయి. అప్పుడు ఒక్కటే అడిగాను: "ర్యామ్ వేయడం వల్లే ప్యానెల్ పాడైందని జాబ్ షీట్ మీద రాసివ్వండి." రాసివ్వడాలు ఉండవన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనా జీతానికి పనిచేసేవాడే, పైవాళ్లు చెప్పమన్నదే చెప్పాడు. కానీ నోటితో తేలిగ్గా వచ్చే మాట కాగితం మీదకి ఎందుకు రాదో నాకు అక్కడే అర్థమైంది.

ఇంటికి ఫోన్ చేస్తే నాన్న మొదట అన్నది, "అసలెందుకు విప్పావురా?" ఆ ప్రశ్న పదకొండు వేలకంటే ఎక్కువ బాధపెట్టింది. కంపెనీ ఏమీ నిరూపించకుండానే, మా ఇంట్లో తీర్పు అయిపోయింది. పెద్ద షాపు, ఏసీ గది, మెడలో ఐడీ కార్డు వేసుకున్న మనిషి చెప్పాడంటే తప్పు మనదే అయ్యుంటుందని మనవాళ్లు ముందే తలదించుకుంటారు.

నిజానికి చట్టం ఏమంటుంది? "ర్యామ్ మార్చుకోవచ్చు" అని మన చట్టంలో ఎక్కడా రాసి లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో ఉన్నది వేరు. వస్తువు నాణ్యతలో ఉండే లోపం, సేవలో ఉండే లోపం, రెండిటినీ అది నిర్వచించింది. వినియోగదారుడి మీద అసమంజసమైన షరతులు రుద్ది నష్టపరిచే ఒప్పందాలను అన్యాయమైన ఒప్పందాలుగా చెప్పింది. ఆ షరతునే సవాలు చేయాలంటే రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి. వస్తువులో లోపం ఉందన్న మామూలు ఫిర్యాదుకి జిల్లా కమిషన్ చాలు. కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే, మనం ఉండే చోటే వేసుకోవచ్చు. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. కారణం మొదలైన రెండేళ్ల లోపు వేయాలి. పరీక్ష చేస్తే తప్ప లోపం తేలదనుకుంటే, కమిషన్ వస్తువుని ల్యాబ్‌కి పంపించగలదు. అంటే "విప్పారు కదా" అన్న మాట అక్కడ సరిపోదు. ఏది దేనివల్ల పాడైందో చూస్తారు.

అమెరికాలో ఈ సంగతి ఇంకా సూటిగా ఉంది. అక్కడ 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఫలానా కంపెనీ విడిభాగమే వాడాలని వారంటీకి షరతు పెట్టడం మామూలుగా కుదరదు. "ఈ సీల్ తీస్తే వారంటీ పోతుంది" లాంటి మాటల మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018 ఏప్రిల్‌లో ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. మన దగ్గర రిపేర్ హక్కు మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో కమిటీ వేసింది. అందులో మొబైళ్లు, ఎలక్ట్రానిక్స్ కూడా ఉన్నాయి.

నేను కమిషన్ దాకా పోలేదు. ఆ రాత్రే కంపెనీకి మెయిల్ రాశాను. బిల్లు, ఫొటోలు, మాన్యువల్‌లో ర్యామ్ పేజీ, పాత ర్యామ్‌తో తీసిన వీడియో జతచేసి, వారంటీ నిరాకరణకి సాంకేతిక కారణం రాతపూర్వకంగా ఇవ్వమని అడిగాను. మర్నాడు 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకున్నాను. హెల్ప్‌లైన్ వాళ్లు తీర్పు చెప్పరు, ఫిర్యాదుని కంపెనీకి చేరవేస్తారంతే. తొమ్మిదో రోజు సర్వీస్ సెంటర్ నుంచే ఫోన్ వచ్చింది. ప్యానెల్ వారంటీలోనే మార్చారు. కారణం మాత్రం ఇప్పటికీ రాసివ్వలేదు!

అలాగని విప్పినవాడికల్లా హక్కు ఉందని కాదు. స్క్రూ జారి మదర్‌బోర్డు గీసుకుపోయినా, క్లిప్పు విరిగినా, సరిపడని స్టిక్ బలవంతంగా దూర్చినా ఆ నష్టం మనదే. మనం కొని వేసిన ర్యామ్ చెడిపోతే ఆ ర్యామ్ కంపెనీనే అడగాలి. కొన్ని సన్నటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, అక్కడ ఈ కథే లేదు. కాబట్టి కొనేముందే స్లాట్లు చూసుకోండి. వారంటీ షరతులు చదవండి, కొన్నిచోట్ల నాకున్నదానికంటే గట్టిగా రాసి ఉండొచ్చు. ఎస్ఎస్‌డీ మార్చితే పాతది పారేయకండి. ఏది విప్పినా ఫొటో తీయండి.

స్క్రీన్ మారాక నాన్నకి వీడియో కాల్ చేసి చూపించాను. కాసేపు చూసి, "అయితే విప్పడం తప్పు కాదన్నమాట" అన్నారు. ఈమధ్య మా ఇంటి మిక్సీ రిపేర్‌కిచ్చినప్పుడు ఆయనే అడిగారట, "ఏం పోయిందో బిల్లు మీద రాయవయ్యా" అని.

ఆ మెయిల్ డ్రాఫ్ట్ నా దగ్గర తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉంది. కావాల్సినవాళ్లు క్లబ్ గ్రూప్‌లో అడగండి, పేరూ మోడలూ మార్చుకుని వాడుకోండి.