ఏథెన్సు యాత్రకు పూర్వరంగము

ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని సంఘమువారు కోరినపుడు మేము కొంత సంకోచించితిమి. యాత్ర చేసి వచ్చినవారు యాత్రను గూర్చి వ్రాయుట లోకమర్యాద. మేమింకను బయలుదేరలేదు. 2027వ సంవత్సరము మార్చి నెలాఖరున గ్రీసు దేశపు రాజధానియగు ఏథెన్సు నగరమున నాలుగు రోజులు గడుపవలెనని సంకల్పించి, ప్రస్తుతము పటములు, కాగితములు ముందు వేసికొని కూర్చున్నవారము. అయినను ఈ కాగితముల నడుమనే మాకొక సంగతి బోధపడినది. మన బ్రహ్మపురమువంటి ఊళ్ళలో తరతరములుగా కాపురమున్న తెలుగు కుటుంబములవారికి అది వినదగినదిగా తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా కుమార్తె, అల్లుడు చిరకాలముగా జర్మనీలోని మ్యూనిక్ నగరమున ఉన్నారు. వారి కుమారునకు పదమూడేండ్లు. అక్కడనే పుట్టి పెరిగినవాడు. తెలుగు చెప్పిన అర్థము చేసికొనును గాని బదులు ఇంగ్లీషులో చెప్పును. ఫోనులో మేము పది మాటలాడిన వాడు రెండు మాటలాడును. ఇటీవల ఆ రెండును ఒకటియైనవి. మేము మ్యూనిక్‌లో మూడు వారములుండి వచ్చుటకు పోవుచున్నాము. ఆ నడుమ పిల్లలకు ఈస్టరు సెలవులు వచ్చును. తమకు సెలవు దొరకదు గనుక మనుమని వెంటబెట్టుకొని నాలుగు రోజులు మరియొక నగరము చూచి రండని అమ్మాయి సలహా యిచ్చినది. ఏ నగరమన్న ప్రశ్నకు మేము తడుముకొనలేదు. మెట్రిక్యులేషను చరిత్ర పుస్తకమున పెరిక్లీసు, సోక్రటీసుల పాఠములు చదివిననాటి నుండి ఏథెన్సు మా మనస్సున నిలిచియున్నది.

గుమాస్తాగిరిలో వయస్సంతయు గడిపిన చేతికి కాగితములన్న భయము లేదు. ఎవరైన ఇట్టి ప్రయాణము తలపెట్టినచో ఈ సంగతులు గుర్తుంచుకొనవలెను. షెంగెన్ ఒప్పందమున చేరిన దేశములు 29. ఎక్కువ దినములు ఉండబోవు దేశమునకు దరఖాస్తు చేసికొన్నచో ఆ వీసాతోనే తక్కిన దేశములకును పోవచ్చును. కావున మేము జర్మనీకి దరఖాస్తు చేసికొన్న చాలును. గ్రీసునకు వేరుగా అక్కరలేదు. 2024 జూను నుండి పెద్దలకు రుసుము 90 యూరోలు. కనీసము 30,000 యూరోలకు వైద్యబీమా ఉండవలెను. ప్రయాణమునకు ఆరు నెలల ముందునుండి దరఖాస్తు పెట్టవచ్చును. పదునైదు రోజులకు లోపలికి రానీయరాదు.

ఇవి సులువుగా తేలినవి గాని, మా గృహిణి వేసిన ప్రశ్న అంత సులువుగా తేలలేదు. “అక్కడ మనం తినేదేముందండీ?” అని ఆమె అడిగినది. విచారింపగా మాకొక అదృష్టము కనబడినది. గ్రీకు సనాతన క్రైస్తవులు ఈస్టరును పాత జూలియను పంచాంగము ననుసరించి గణింతురు. 2027లో జర్మనీవారి ఈస్టరు మార్చి 28. గ్రీకులది మే 2. ఒకే వీథిలో చైత్ర శుద్ధ పాడ్యమినాడు మన ఉగాదియు, మేష సంక్రాంతినాడు ఒడియావారి పణా సంక్రాంతియు జరుగగా చూచువారమగుటచే, రెండు ఈస్టరుల సంగతి మాకు వింతగా తోచలేదు. తమ ఈస్టరునకు ముందు సుమారు ఏడు వారములు గ్రీకులు ఉపవాస నియమము పాటింతురు. మాంసము, పాలు, గ్రుడ్లు ముట్టరు. ఆ సంవత్సరము ఆ దీక్ష మార్చి 15న ఆరంభము. అనగా మేము పోవు దినములు సరిగా దీక్షాకాలము నడుమ పడుచున్నవి! ఆ దినములలో భోజనశాలలలో “నిస్తిసిమో” అను ఒక్క మాట చెప్పిన ఉపవాసపు వంటకము తెచ్చి పెట్టుదురు. అయితే ఒక జాగ్రత్త కలదు. రొయ్యలు, నత్తలు మున్నగు జలచరములు వారి ఉపవాసమునకు చెల్లును. కనుక అవి వలదని వేరుగా చెప్పవలెను. ఫావా అని పచ్చని పప్పును మెత్తగా ఉడికించి ఆలివు నూనెయు ఉల్లిపాయయు చేర్చినది దొరకును. మన ముద్దపప్పునకు దాయాది వంటిది. హోర్తా అని ఉడికించిన ఆకుకూర నిమ్మరసముతో పెట్టుదురు. ద్రాక్షాకులలో అన్నము చుట్టిన పొట్లములు కూడ కలవు. ఇవి విని ఆమె, “పప్పు, ఆకుకూర ఉంటే ఇంకేం కావాలి? ఆవకాయ నేను పట్టుకొస్తాను” అని అనుమతి యిచ్చినది.

పిదప ప్రయాణమునకు మంచి హోర చూచుటకు పంచాంగము తీసితిమి. అప్పుడొక సంగతి జ్ఞప్తికి వచ్చినది. హోర అను మాట గ్రీకులది. కేంద్రము అను మాటయు వారిదే. వారి జ్యోతిషము క్రీస్తు శకారంభ శతాబ్దములలో మన దేశమునకు వచ్చినపుడు ఈ మాటలును వెంట వచ్చినవి. ఏథెన్సులో నేటికిని గంటను “ఓరా” అందురట. గ్రీకు దేశమునకు పోవుటకు గ్రీకు మాటతోనే ముహూర్తము చూచుచుంటిమని మేమిరువురము నవ్వుకొంటిమి. మాటలకు పాసుపోర్టు అక్కరలేదు; వచ్చి స్థిరపడిన పిమ్మట వానిని ఎక్కడివని ఎవరును అడుగరు.

అటుపై అసలు పని మొదలు పెట్టితిమి. ఫుల్‌స్కేపు కాగితమున గళ్ళు గీసి, నాలుగు రోజులకు ఇరువదిరెండు అంశములు నిర్ణయించితిమి. మొదటి దినము ఉదయము ఎనిమిది గంటలకు ఆక్రోపోలిసు. అది సముద్రమట్టమునకు సుమారు 150 మీటర్ల ఎత్తున నున్న రాతిగుట్ట. రద్దీ మితిమీరుటచే 2023 నుండి దినమునకు 20,000 మందికి మించి పోనీయకుండ గంటల వారీగా టిక్కెట్లు ఇచ్చుచున్నారు. 2025 ఏప్రిల్‌లో టిక్కెట్టు ధరను 30 యూరోలు చేసిరి. నవంబరు నుండి మార్చి వరకు ప్రతి నెల మొదటి ఆదివారము ప్రవేశము ఉచితము. మా దినములలో అది పడకపోవుట చూచి గుమాస్తా ప్రాణము కొంచెము చివుక్కుమన్నది. మెట్లరాళ్ళు జనుల పాదముల క్రింద అరిగి జారుచుండును గనుక మెత్తని అడుగుగల బూట్లు కావలెను. నడువలేనివారికై 2020లో క్రొత్త లిఫ్టు అమర్చిరి.

ఆ గుట్టపై పార్థెనాను దేవాలయము. క్రీస్తు పూర్వము 447లో మొదలై, శిల్పములతో సహా 432లో పూర్తియైనది. పిమ్మట అది చర్చిగను, మసీదుగను మారినది. 1687లో వెనిసువారి ఫిరంగి గుండు అందు నిలువచేసిన మందుగుండుపై పడి నడుము విరిగినది. 1801 నుండి ఎల్గిన్ ప్రభువు మనుష్యులు శిల్పములను ఊడదీసి లండనుకు పంపిరి. 1816లో వానిని బ్రిటిషు ప్రభుత్వము కొన్నది. గుట్ట క్రింద 2009లో తెరచిన మ్యూజియములో, లండనులో నున్న శిల్పముల స్థానమున తెల్లని సున్నపు నకళ్ళు పెట్టిరి. మిగిలిన మూలములు తేనెరంగున నుండగా, పోయినవానిచోట తెలుపు కనుపించును. ఈ ఏర్పాటు మాకెంతయో నచ్చినది. లేనిదానిని లేదని చూపుటకును ఒక మర్యాద కలదు.

రెండవ దినమునకు సోక్రటీసు తిరుగాడిన అగోరా, 1950వ దశకమున పునర్నిర్మించిన అత్తాలోసు మండపము. మూడవ దినమునకు జాతీయ పురావస్తుశాల, పిరేయసు రేవు. నాల్గవ దినమునకు మిగిలినవి. ఇట్లు గడియైనను వృథా పోకుండ కూర్చితిమి. పందొమ్మిదవ అంశముగా “అనాఫియోతికా” అని వ్రాసి, యెదుట “వ్యవధి యున్నచో” అని చేర్చి, పిదప ఆ పంక్తినే కొట్టివేసితిమి. అది గుట్ట క్రింద నున్న చిన్న పేట. టిక్కెట్టు లేదు, స్తంభము లేదు, శాసనము లేదు. బీదలు కట్టుకొన్న ఇండ్లకై అంతదూరము పోవలెనా యనుకొంటిమి.

ఈ పట్టిక ఫొటో తీసి మ్యూనిక్‌కు పంపితిమి. తమ బడి టైంటేబులు దీనికన్న నయమని మనుమని వద్దనుండి ఇంగ్లీషులో బదులు వచ్చినది. ఆ రాత్రి అమ్మాయి ఫోనుచేసి మరియొక సంగతి చెప్పినది. “మీ కుటుంబము ఎక్కడనుండి వచ్చినది?” అను విషయమును గూర్చి బడిలో రెండు పుటలు వ్రాయుమనిరట. మావాడు “ఇండియా” అని ఒక్క మాట వ్రాసి కాగితము ఇచ్చివేసెనట.

ఆ మాటతో మాకు నిద్రపట్టలేదు. కొన్ని వారముల క్రిందట వాడు ఇదే ప్రశ్న మమ్మడిగెను. మేము దస్త్రము విప్పినట్లు చెప్పితిమి. మా ముత్తాతగారు టెక్కలి ప్రాంతమునుండి వర్తకమునకై బ్రహ్మపురము చేరిరి. అప్పుడు రెండును మద్రాసు రాజధానిలో ఒకే గంజాం జిల్లా. ఒక తాలూకానుండి మరియొక తాలూకాకు వచ్చుటను వలస యని ఎవరనుకొందురు? 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడగా బ్రహ్మపురము అటును, టెక్కలి ఇటును పడినవి. మా తాతగారు మద్రాసు రాజధానిలో నిద్రించి ఒరిస్సాలో మేల్కొనిరి. మంచము మాత్రము కదలలేదు. ఇదంతయు విని వాడు, “అయితే మనం ఎక్కడినుంచీ రాలేదా తాతయ్యా?” అనెను. తెలుగుననే అనెను. మేము నవ్వి ఊరకుంటిమి. వాడు నిజముగా అడిగిన ప్రశ్నకు నవ్వుటయే మా తప్పు.

మరునాడు పట్టిక ముందు వేసికొని కూర్చుండగా మా గృహిణి వచ్చి, “నాలుగు రోజులూ వాడికి రాళ్ళు చూపిస్తారా, మీరు వాణ్ణి చూస్తారా?” అన్నది. బదులు తోచలేదు. అప్పుడే కొట్టివేసిన పందొమ్మిదవ పంక్తి కంటబడినది. దానిని గూర్చి ఈసారి శ్రద్ధగా చదివితిమి.

గ్రీసు స్వతంత్రమైన పిమ్మట మొదటి రాజుగా వచ్చినవాడు బవేరియా రాజకుమారుడైన ఓథో. అనగా మా మనుమడున్న మ్యూనిక్ రాజవంశమువాడే. 1834లో ఏథెన్సు రాజధానియైనది. 1836 నుండి 1843 వరకు అతనికి రాజభవనము కట్టిరి, నేడది పార్లమెంటు. అతని కాలమున నగరమున కట్టడపు పనులకై ఏజియను సముద్రమందలి అనాఫీ అను చిన్న ద్వీపమునుండి తాపీపనివారు వచ్చిరి. పనికి వచ్చినవారికి నిలువ నీడ లేదు. ఆక్రోపోలిసు ఈశాన్యపు వాలున ఇండ్లు కట్టరాదని ఆజ్ఞ. వారు రాత్రివేళల కట్టుకొనిరని చెప్పుకొందురు. చిన్న గదులు, సున్నము పూసిన తెల్లని గోడలు, ఇరువురు ఎదురుపడిన ఒత్తిగిలవలసినంత సందులు — తమ ద్వీపమున ఇండ్లు ఎట్లుండునో అట్లే కట్టిరి. ఆ పేటకు తమ ద్వీపము పేరే నిలిచినది. పురావస్తు పరిశోధనలకై ఇరువదవ శతాబ్దమున కొన్ని ఇండ్లు కూలద్రోసిరి. నలువది, ఏబది ఇండ్లు మాత్రము మిగిలినవి. జగత్ప్రసిద్ధమైన పార్థెనాను క్రిందనే, రాజునకు మేడలు కట్టినవారు తమకై తమ ఊరిని కట్టుకొనిరి.

ఇంకను చదువగా మరియొక సంగతి తెలిసినది. 1923లో లోసాను ఒప్పందము ననుసరించి గ్రీసు, టర్కీ దేశములు మతమునుబట్టి జనులను మార్చుకొన్నవి. సుమారు పన్నెండు లక్షలమంది క్రైస్తవులు ఆసియా మైనరు మున్నగు ప్రాంతములనుండి గ్రీసునకును, నాలుగు లక్షలకు చేరువగా ముస్లిములు టర్కీకిని పోవలసివచ్చినది. ఏథెన్సు చుట్టును నేయా స్మిర్ని, నేయా ఇయోనియా అను పేటలు వెలసినవి. నేయా అనగా క్రొత్త. విడిచివచ్చిన ఊళ్ళ పేర్లనే మరల పెట్టుకొనిరి. కాన్‌స్టాంటినోపిలునుండి వచ్చినవారు 1924లో స్థాపించిన ఏఈకే అను ఫుట్‌బాలు జట్టు నేటికిని ఆడుచున్నది. మావాడు ఫుట్‌బాలనిన ప్రాణమిచ్చును. ఆ జట్టు పేరు వాడెరుగును గాని దాని పుట్టుక యెరుగడు.

వారి కష్టమును మనదానితో పోల్చుట అపచారము. మనలను ఎవరును తరుమలేదు. ఒడియా ఇరుగుపొరుగులతో పెండ్లిపేరంటములకు పోయి వచ్చుచు, అంగడిలో ఒడియా, అరుగుమీద తెలుగు మాటలాడుచు బ్రతికితిమి. అయినను అనాఫీవారిని చూడగా ఒకటి తెలిసినది. మీరెక్కడివారని వారినడిగిన తేదీలు చెప్పనక్కరలేదు. తమ సందును చూపిన చాలును. మేము పిల్లవానికి సందు చూపక తేదీలు చెప్పితిమి. ముగ్గువేసిన మా గడప, దాని యెదుట ఒడియాలో పలుకరించు పాలవాడు, ఎత్తరుగుమీద పద్యములు చెప్పిన మా తాతగారు — ఇవన్నియు చెప్పవలసినచోట 1936 అని చెప్పితిమి. ఏ తరమైనను పిల్లలకు జాబితా ఇచ్చి ఇల్లు ఇచ్చితిమని తృప్తిపడుట పొరపాటు.

క్రొత్త పట్టిక వ్రాసితిమి. ఇరువదిరెండు అంశములు ఏడైనవి. పార్థెనాను ఉన్నది; మ్యూజియము ఉన్నది; అగోరా ఉన్నది. పురావస్తుశాలను కొట్టివేయునపుడు కలము కొంచెము వణకినది. మొదటి దినము మధ్యాహ్నము అనాఫియోతికా. దాని తరువాతి గడిలో ఏమియు వ్రాయలేదు. ఆ సందులో ఏదియో మెట్టుమీద కూర్చుండి, వాడు మరల ఆ ప్రశ్న అడిగిన చెప్పుదుము. అడుగకున్నను, మా వీథి ఎట్లుండునో నెమ్మదిగా మొదలుపెట్టుదుము. వినునో వినడో వాని ఇష్టము.

పట్టిక మరల పంపితిమి. ఏఈకే సంగతియు వ్రాసితిమి. రెండు గంటల పిమ్మట ఇంగ్లీషు అక్షరములలో ఒక తెలుగు మాట వచ్చినది: “వెళ్దాం.” అంతకుమించి లేదు. ఉగాదికి ముందే మ్యూనిక్ చేరి, అచ్చట మా గృహిణి చేయు పచ్చడి వాడిచేత తినిపించి, ఇంటికి వత్తుము. చూచిన సంగతులు, దైవానుగ్రహమున్నచో, రాబోవు సంచికకు వ్రాయగలము.