పీలికల సంచి

క్రిస్మస్ కానుకలు అన్నంతనే తూర్పుదేశపు జ్ఞానులు శిశువైన యేసుకు సమర్పించిన బంగారము, సాంబ్రాణి, బోళము ఎవరికైనా స్ఫురించడం సహజం. నాకు మాత్రం ముందుగా తోచేది ఒక గుడ్డపీలికల సంచి. దాని కథ చెప్పడానికే ఈ నాలుగు మాటలు. కథ అన్నానే గాని ఇందులో కల్పన లేదు. నా అవివేకం కొంత ఉన్నది.

మా అబ్బా గుంటూరులో దర్జీ. 1842లో హయ్యర్ అనే లూథరన్ మిషనరీ ఆ ఊరికి వచ్చిన తరువాత అక్కడ చర్చిలు, క్రైస్తవ పాఠశాలలు క్రమంగా విస్తరించాయి. అందుచేత డిసెంబరు మాసం ప్రవేశించిందంటే మా వీధి దర్జీలకు తీరిక అనే మాటే ఉండేది కాదు. 2000వ సంవత్సరంలో క్రిస్మస్, రంజాన్ పండుగలు రెండూ ఒకే వారంలో వచ్చాయి. నాకప్పుడు పదేళ్ళు. అబ్బా పగలు ఉపవాసముండి, రాత్రి సహరీ వేళ దాకా మిషను తొక్కుతూ ఉండేవాడు. గౌన్లు, చొక్కాలు, పైజామాలు ఒకే తీగ మీద వేలాడుతూ ఉండేవి.

అబ్బాకొక నియమమున్నది. కత్తిరించగా మిగిలిన గుడ్డ జానెడు దాటితే అది తెచ్చినవారిదే. మడత పెట్టి, కుట్టిన దుస్తులతోబాటు వారికి అప్పగించవలసిందే. అంతకంటె చిన్న ముక్కలు మాత్రం బల్ల కింది గోనెసంచిలోకి చేరేవి. ఆ గోనెసంచి మా అమ్మీకి ధనాగారం. పొడవాటి పీలికలను జడలా అల్లి, గుండ్రంగా చుట్టి కుట్టి, గుమ్మం ముందు వేసుకునే పట్టా చేసేది. నలుచదరపు ముక్కలను నాలుగు పొరలుగా పేర్చి, అడ్డంగా నిలువుగా కుట్టువేసి, పొయ్యి మీది గిన్నెలు దించడానికి మసిగుడ్డలు చేసేది. పసిబిడ్డలున్న ఇంటికైతే పాత చీరల మీద ఈ ముక్కలు అతికి బొంత కుట్టేది. ఈదుకు బంధువులకూ, క్రిస్మస్‌కు ఇరుగుపొరుగు క్రైస్తవ కుటుంబాలకూ ఇవే మా ఇంటి కానుకలు. దారం ఖర్చు తప్ప వేరే ఖర్చు లేదు.

ఆ సంవత్సరం ఎదురింటి టీచరమ్మగారి కోసం అమ్మీ ఒక సంచి కుట్టింది. లోపల అబ్బా పాత లుంగీ గుడ్డ, వెలుపల ముప్పై నలభై రంగురంగుల ముక్కలు. పండుగనాటి ఉదయం దానిని ఇచ్చి రమ్మని నన్ను పంపింది. ఆ ముక్కలలో నా తోటి పిల్లల చొక్కాల గుడ్డలు నాకు స్పష్టంగా కనబడుతున్నాయి. ఇతరుల దుస్తులలో మిగిలిన తుక్కును కానుకగా తీసుకుపోతున్నానే అన్న సిగ్గుతో సంచిని వీపు వెనుక దాచుకొని వారి గుమ్మంలో నిలబడ్డాను.

"ఏం బాబూ, వెనకాల ఏం దాచావు?" అంటూ ఆమె దానిని అందుకొని వెలుతురులోకి తీసుకుపోయారు. ఒక్కొక్క ముక్క మీద వేలు పెట్టి చెప్పసాగారు. "ఇది మా పెద్దవాడి చొక్కా. ఈ నీలం పువ్వులది నర్సమ్మగారి పిల్ల గౌను. ఈ జరీ ముక్క పాస్టరుగారి అమ్మాయి పెళ్ళి జాకెట్టుది గదూ? మన వీధి పండుగంతా ఇందులోనే ఉన్నదే!" అన్నారు. ఆ తరువాత ఎన్నో ఏళ్ళు ఆ సంచిలోనే పిల్లల కాపీ పుస్తకాలు పెట్టుకొని ఆమె బడికి వెళ్ళడం నేను చూశాను. ఆనాడు మాత్రం నా సిగ్గు పూర్తిగా పోలేదు. పెద్దవాడినై సంపాదించిననాడు అసలైన కానుక కొని ఇవ్వాలని మనస్సులో అనుకొన్నాను.

కాలక్రమాన ఎం.ఏ. పూర్తిచేసి అధ్యాపక వృత్తిలో ప్రవేశించాను. 2018 డిసెంబరులో నా జీతం డబ్బుతో పెద్ద గోడ గడియారం ఒకటి కొని, మెరిసే కాగితంలో చుట్టించి, స్వయంగా తీసుకువెళ్ళి టీచరమ్మగారికి ఇచ్చాను. అప్పటికామె ఉద్యోగ విరమణ చేశారు. భర్త పక్షవాతంతో మంచం పట్టి ఉన్నారు. ఆ మంచం నేను చూశాను. ఆ ఇంటి పరిస్థితి గురించి ఆలోచించలేదు. ఆమె గడియారాన్ని చూసి, "ఇంత ఖరీదైనది ఎందుకు బాబూ?" అన్నారు. అది మెచ్చుకోలు అనుకొని సంతోషంగా తిరిగి వచ్చాను.

మరుసటి జూన్ నెలలో రంజాన్ వచ్చింది. ఏటా మా ఇంటినుంచి వారింటికి షీర్‌ఖుర్మా గిన్నె వెళ్ళేది. గిన్నెను ఖాళీగా తిరిగి పంపరాదు గనుక వారు అందులో పంచదారో, అరిసెలో, పెరటి నిమ్మకాయలో వేసి పంపేవారు. ఆసారి మాత్రం గిన్నెతోబాటు ఖరీదైన ప్యాంటు, చొక్కా గుడ్డలు వచ్చాయి. కొంతకాలానికి గాని అసలు విషయం అమ్మీకి తెలియలేదు. ఆ గుడ్డల కోసం ఆమె ఒకరి వద్ద చేబదులు తీసుకొన్నారట. అది తీర్చడానికి భర్తకు వాడే మందులు రెండు నెలలపాటు సగమే కొన్నారట.

అమ్మీ నన్ను కోప్పడలేదు. ఉర్దూలో ఒక్క మాట అన్నది: "నువ్వు కానుక ఇచ్చాననుకొన్నావు. అప్పు ఇచ్చి వచ్చావు నాయనా."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఓ హెన్రీ 1905లో రాసిన 'ది గిఫ్ట్ ఆఫ్ ది మేజై' కథను నేను తరగతిలో ఎన్నిసార్లు మెచ్చుకొని చెప్పానో! అందులో పేద దంపతులిద్దరు ఒకరి కోసం మరొకరు తమకు ప్రియమైనదానిని వదులుకొంటారు. ఇక్కడ నేను వదులుకొన్నది ఏమీ లేదు. వదులుకొన్నది ఆమె ఒక్కతే, అదీ నా మూలంగా. పొరుగింటి కానుక గొర్రెగిట్ట అయినా చిన్నచూపు చూడరాదన్న ప్రవక్తగారి బోధ మా ఇంట చిన్ననాటినుంచీ విన్నదే. పుచ్చుకొనేవారికి చెప్పిన మాటగానే దానిని తలచాను. చిన్నది ఇవ్వడానికి సిగ్గుపడవద్దని ఇచ్చేవానికి కూడ అందులో హితవున్నదని ఆనాడు బోధపడింది. పీలికల సంచికి వెల కట్టలేరు గనుక ఒక గుప్పెడు పంచదారతో ఆ లెక్క సరిపోయేది. గడియారాన్ని ఏ పంచదారతో సరిపెట్టగలరు?

2019 డిసెంబరులో అబ్బా పాత మిషను ముందు కూర్చున్నాను. ఆయనకు చూపు మందగించింది. పక్కన కూర్చొని వేళ్ళతో తడిమి నా కుట్టు వంకర చెప్పేవారు. మూడు సాయంత్రాలు శ్రమపడి రెండు మసిగుడ్డలు కుట్టాను. వెదురుబద్దలతో ఒక నక్షత్రం కూడ కట్టాను. దాని పని తేలికే. ఐదేసి బద్దలతో ఐదు కోణాల చుక్కలు రెండు కట్టి, కొనలు జతచేసి ముడివేసి, లోపల బద్దలు ఒకదానినొకటి దాటే ఐదు చోట్ల పొట్టి పుల్లలు నిలబెడితే నక్షత్రం ఉబ్బి నిలుస్తుంది. గాలిపటాల కాగితం మైదాజిగురుతో అంటించి, బల్బు పెట్టడానికి ఒకవైపు తెరచి ఉంచాలి. బల్బు కాగితానికి తగలకుండా చూసుకోవాలి.

టీచరమ్మగారు మసిగుడ్డలను తిప్పి తిప్పి చూసి, "మీ నాన్నగారి కుట్టు కాదిది" అని నవ్వారు. చాలా రోజుల తరువాత విన్న నవ్వు అది. నక్షత్రాన్ని వాకిట్లో వేలాడదీయించి, మంచం మీది భర్తకు కిటికీలోనుంచి కనబడేటట్లు తాడు సరిచేయించుకొన్నారు. సాయంత్రం మా ఇంటికి గిన్నె నిండా గులాబీపువ్వులు, జంతికలు వచ్చాయి. రంజాన్‌కు మళ్ళీ షీర్‌ఖుర్మా గిన్నె వెళ్ళింది, పంచదారతో తిరిగివచ్చింది.

విద్యార్థి మిత్రులారా! మీలో అనేకులు కానుక కొనడానికి డబ్బు లేదని పండుగనాడు స్నేహితుల ఇళ్ళకు వెళ్ళడానికే వెనుకాడుతారని నాకు తెలుసు. నేనూ ఒకనాడు సంచిని వీపు వెనుక దాచినవాడినే. మీ చేతికి వచ్చిన పని ఏదైనా సరే చేసి తీసుకువెళ్ళండి. రేపు సంపాదనపరులైన తరువాత కొనబోయే ముందు ఆ ఇంటి మంచం వైపు ఒకసారి చూడండి.

టీచరమ్మగారి గోడమీద నా గడియారం ఇంకా ఉన్నది. దాని కింద మేకుకు, పిడులు రెండుసార్లు మార్చి కుట్టిన ఆ పాత సంచి వేలాడుతున్నది. ఆమె బజారుకు తీసుకువెళ్ళేది దానినే.