కట్టేసిన గుర్రాలు

ఉదయం కారు స్టార్ట్ చేస్తే చాలు, వెనకాల గుప్పున నీలం పొగ. మొదట్లో పక్కింటి మామయ్యగారు 'దోమల మందు కొడుతున్నావా అబ్బాయీ' అని నవ్వేవారు. మూడు నెలలయ్యేసరికి నవ్వడం మానేసి కిటికీ మూసుకోవడం మొదలుపెట్టారు.

2001లో విజయవాడలో కొన్న హోండా సిటీ అది. ఒకటిన్నర లీటర్ల వీటెక్ ఇంజిన్, 106 హార్స్‌పవర్. ఈ అంకె ఇప్పుడు గొప్పగా అనిపించదు కానీ టన్ను అటూఇటూ బరువున్న కారుకి ఆ రోజుల్లో అది బాగా ఎక్కువ. 2003 చివర్లో కొత్త సిటీ వచ్చింది. మైలేజీని దృష్టిలో పెట్టుకుని చేసిన దాని ఇంజిన్ బలం 77 మాత్రమే! దాంతో పాత వీటెక్ మీద కుర్రకారుకి మోజు పెరిగింది. బ్యాంకులో పనిచేసిన నాన్న దాన్ని కొన్నది మాత్రం వేగం కోసం కాదు, 'డిక్కీ పెద్దది, మీ అమ్మ సామానంతా పడుతుంది' అని.

నాన్న పోయి నాలుగేళ్లు. కారు కొడుకు చేతికొచ్చింది. ఆయనకిప్పుడు నలభై రెండు. ఉద్యోగం గుంటూరులో, రోజూ రానూపోనూ డెబ్భై కిలోమీటర్లు. వారధి దాటేటప్పుడు వెనక బండ్లవాళ్లు హారన్ కొట్టి మరీ పొగ చూపిస్తుంటే సిగ్గేసి, ఓ శనివారం ఆటోనగర్‌కి తీసుకెళ్లారు.

మేస్త్రికి ఆ కారు కొత్త కాదు. నాన్న ఉన్నప్పట్నుంచీ సర్వీసింగు అక్కడే. నీలం పొగంటే ఆయిల్ మండుతున్నట్టే. అది పొద్దున్నే ఓసారి వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు కారణం కావచ్చు, అదైతే చిన్న ఖర్చు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తోందంటే అనుమానం రింగుల మీదే. మేస్త్రి స్పార్క్ ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌కీ గేజి బిగించి కంప్రెషన్ చూశారు. నాలుగింటిలో రెండు బాగా తక్కువ. ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే ముల్లు పైకి లేచింది. పోసిన నూనె పిస్టన్ చుట్టూ ఉన్న సందుని కాసేపు పూడ్చిందన్నమాట. వాల్వులు కారుతుంటే అలా లేవదు.

'బోరుకొచ్చింది బాబూ' అన్నారు మేస్త్రి, చేతులు తుడుచుకుంటూ.

ఇంటికొచ్చేసరికి తమ్ముడి వరసయ్యే కుర్రాడు ఫోన్. హైదరాబాద్‌లో కార్ల పిచ్చివాళ్లకి అతనే పెద్దదిక్కు. 'అన్నయ్యా, ఎలాగూ ఇంజిన్ విప్పుతున్నావు కదా, టర్బో పెట్టించెయ్. నూట యాభై దాటేస్తుంది' అన్నాడు. ఆ రాత్రి ఆయనకి నిద్రపట్టలేదు. పాతికేళ్ల వయసులో నాన్న కారుని అడగాలన్నా భయపడిన మనిషి మరి!

వారం తిరక్కుండానే హైదరాబాద్ గ్యారేజీ నుంచి లెక్క వచ్చింది. టర్బో ఒక్కటే అయితే ఫర్వాలేదు. అది ఎక్కువ గాలిని సిలిండర్లలోకి తోస్తుంది కాబట్టి మామూలు పిస్టన్లూ కనెక్టింగ్ రాడ్లూ ఎక్కువ కాలం ఆగవు, గట్టివి వేయాలి. పెరిగిన బలానికి క్లచ్ జారుతుంది, అదీ మార్చాలి. వేడి ఎక్కువ కాబట్టి పెద్ద రేడియేటర్. ఇంత చేశాక పాత బ్రేకులతో నడపడం పిచ్చితనం. మొత్తం కలిపితే మామూలు బోరింగుకయ్యే దానికి నాలుగింతలు. కారు అమ్మితే అందులో సగం కూడా రాదు.

మరో దారి, ఇంకాస్త పెద్ద ఇంజిన్ తెచ్చి పెట్టేయడం. అక్కడ అడ్డొచ్చేది ఆర్‌సీ. ఇంజిన్ నంబరు అందులో ఉంటుంది, మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి కావాలి. కంపెనీ ఇచ్చిన మూల లక్షణాలకి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. పదిహేనేళ్లు దాటిన కారుకి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, అందుకు ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టాలి. చాలామంది కుర్రాళ్లు ఈ సంగతులేవీ పట్టించుకోరు. ప్రమాదం జరిగి బీమా కంపెనీ మొండిచెయ్యి చూపినప్పుడు తెలిసొస్తుంది.

'ఆ డబ్బు పెట్టి చక్కగా చిన్న కారు కొనుక్కోవచ్చు కదండీ' అంది భార్య. అదీ న్యాయమే. అమ్మ మాత్రం ఏమీ అనలేదు. సాయంత్రం బయటికొచ్చి, కారు అద్దం మీద పడిన బాదం ఆకుల్ని తీసేసి లోపలికి వెళ్లిపోయింది.

మళ్లీ ఆటోనగర్. టర్బో మాట చెబితే మేస్త్రి కాదనలేదు, నవ్వారు. అప్పటికే హెడ్డు విప్పి ఉంది. పిస్టన్ల మీద నల్లగా, మందంగా కార్బన్. 'చూశారా, ఎప్పుడూ గట్టిగా తిప్పని ఇంజిన్ ఇది. నలభై దాటకుండానే నాలుగో గేరు వేసేవారు మీ నాన్నగారు. ఉన్న నూటారు గుర్రాల్లో సగాన్ని ఇరవయ్యేళ్లు కట్టేసే ఉంచారు. ముందు వాటిని విప్పండి. చాలకపోతే అప్పుడు చూద్దాం కొత్తవాటి సంగతి' అన్నారు.

వీటెక్ తమాషా అదే. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలి వాల్వులు తక్కువగా తెరుచుకుంటాయి, పెట్రోలు ఆదా. టాకోమీటరు ముల్లు బాగా పైకెళితే ఆయిల్ ఒత్తిడికి చిన్న పిన్ను జరిగి రాకర్లని కలిపి బిగిస్తుంది. అప్పుడు ఎత్తైన కామ్ పని అందుకుంటుంది. వాల్వులు ఇంకా ఎక్కువగా, ఇంకాసేపు తెరుచుకుంటాయి. ఇంజిన్ గొంతే మారిపోతుంది. నాన్న హయాంలో ఆ గొంతు ఇంట్లో ఎవరూ విన్నట్టు గుర్తులేదు.

బోరింగే ఖాయమైంది. అదేమీ చిన్న పని కాదు. సిలిండర్లు అర మిల్లీమీటరు పెద్దవి చేసి హోనింగ్ పట్టించారు, కొత్త ఓవర్‌సైజు పిస్టన్లూ రింగులూ వచ్చాయి. క్రాంక్ గ్రైండింగుకి పోయింది. హెడ్డు ఫేసింగ్, వాల్వు సీట్లు, సీళ్లు, టైమింగ్ బెల్టు... బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే కదా, 2001 నాటి రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావని అవీ మార్పించారు. క్రాంక్ కోసం లేత్ దగ్గర పన్నెండు రోజులు ఆగాల్సొచ్చింది. మొత్తానికి నెలన్నర!

మొదటి వెయ్యి కిలోమీటర్లు గట్టిగా తొక్కొద్దన్నారు మేస్త్రి. ఆయన అచ్చం నాన్నలాగే నడిపారు. ఆయిల్ మార్చాక ఓ ఆదివారం అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఏలూరు బయల్దేరారు. హనుమాన్ జంక్షన్ దాటాక రోడ్డు ఖాళీ. ముందున్న లారీని దాటడానికి మూడో గేరులోకి దించి పూర్తిగా తొక్కారు. ముల్లు పైకి పైకి పోయి, ఒక్కసారిగా ఇంజిన్ గొంతు మారింది.

అమ్మ ఉలిక్కిపడి డ్యాష్‌బోర్డు పట్టుకుంది.

'ఏంట్రా ఆ చప్పుడు? మళ్లీ చెడిందా?'

'లేదమ్మా, ఇది మొదట్నుంచీ ఉందే.'

'ఊరుకో. మీ నాన్న నడిపినప్పుడు ఎప్పుడూ ఇలా అరవలేదు' అంది. ఏలూరు వచ్చేదాకా డ్యాష్‌బోర్డు మీద చెయ్యి తియ్యలేదు. తిరిగొచ్చేటప్పుడు, అదే జంక్షన్ దగ్గర, ముందు లారీ కనిపించగానే ఆవిడే అంది... 'దాటతావా?'